ఇసుక సర్దారు పిల్లి పెట్టె

మొన్నామధ్య ఖమ్మంలో మా మేనకోడలు నన్ను వెంటబెట్టుకుని ఒక దుకాణానికి తీసుకెళ్లింది. ఆ దుకాణంలో కుక్కలకూ పిల్లులకూ తప్ప మనుషులకు పనికొచ్చే వస్తువు ఒక్కటీ లేదు. కుక్కకు స్వెట్టరు కూడా ఉంది, ఖమ్మం ఎండల్లో! మా పిల్ల ఈమధ్య ఒక పిల్లిని తెచ్చుకుంది లెండి. దుకాణం అబ్బాయి ఒక పెద్ద సంచిని భుజం మీద మోసుకొచ్చి మా ముందు దించాడు. ఏంటి నాయనా అది అంటే, "ఇసుక మేడం, పిల్లి బాత్రూముకి" అన్నాడు. కళ్లజోడు పెట్టుకుని సంచి వెనక రాసింది చదివాను. తడి తగలనివ్వరాదు, ఎల్లప్పుడూ పొడిగా ఉంచవలెను అని ఉంది. అంతే, నాకు నవ్వు ఆగలేదు. చివరికి నేను కళ్లు తుడుచుకుంటుంటే ఆ అబ్బాయి కంగారుపడి స్టూలు తెచ్చి వేశాడు.

వాడికేం తెలుసు పాపం. ఆ చిన్న సంగతి తెలియక ఒక పెద్దమనిషి వేసవంతా ఒక పిల్లితో యుద్ధం చేశాడు. పోనీ ఇసుక మొహం చూడని మనిషా అంటే, ఇసుకతోనే అన్నం తిన్నవాడు.

ఎనభైల్లో మాట ఇది. మాది ఎర్రుపాలెం. పెళ్లయ్యాక మా ఆయన ఉద్యోగం చేసే గనుల కాలనీకి కాపురానికి వెళ్లాను. కొత్తగూడెం దాటి భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున, పెంకుల క్వార్టర్లు వరసగా ఉండేవి. రెండిళ్లకు ఒకటే కప్పు, మధ్యలో ఒకటే గోడ. గోడకు ఇటు మేము, అటు ఆ పెద్దమనిషీ ఆయన భార్యా. ఆయన్ను కాలనీ అంతా ఇసుక సర్దారు అనేది. గనిలో బొగ్గు తీసేసిన చోట ఖాళీ మిగులుతుంది. కప్పు కూలకుండా ఆ ఖాళీని గోదావరి ఇసుకతో నింపుతారు. ఇసుకలో నీళ్లు కలిపి గొట్టాల్లోంచి భూమి లోపలికి పంపిస్తారు. ఆ పని దగ్గరుండి చేయించే సర్దారు ఆయన. నేను అన్నా అని పిలిచేదాన్ని, ఆయన భార్యను వదినా అనేదాన్ని.

ఎవరింటికి వచ్చినా ఆయన గుమ్మంలో ఆగి ముందు పైకి చూసేవాడు. గనిలో అడుగు పెట్టగానే కప్పును కర్రతో కొట్టి చప్పుడు వినడం వాళ్లకు అలవాటు. గట్టిగా పలికితే ముందుకు పోవచ్చు, డొల్లగా మోగితే వెనక్కి రావాలి. ఈయన ఆ అలవాటును చుట్టాల ఇళ్లకూ పెళ్లి పందిళ్లకూ కూడా మోసుకొచ్చాడు. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు. ద్వారబంధాన్ని వేళ్లతో టకటకా కొట్టి, చెవి ఆనించి విని, "మంచిగనే ఉంది చెల్లె, భయం లేదు, కూసో" అన్నాడు. మా ఇంట్లో నన్ను కూర్చోమన్న మొదటి మనిషి ఆయనే. "ముందు పైకి చూడాలె, తర్వాతనే కిందికి" అనేది ఆయన మాట. కంచంలో అన్నం వడ్డించినా అంతే, ఒకసారి వాసాలు చూసి, అప్పుడు ముద్ద కలిపేవాడు.

ఇంకో అలవాటు నీళ్లు చల్లడం. బొగ్గు దుమ్ము లేస్తే గనికే ప్రమాదం కాబట్టి అక్కడ దారుల్లో నీళ్లు చల్లుతూనే ఉంటారట. ఈయన ఒక రేకు డబ్బా అడుక్కి మేకుతో చిల్లులు పొడిచి సొంతంగా ఒక సాధనం తయారు చేసుకున్నాడు. వాకిట్లో చల్లితే ఎవరూ కాదనరు. నేను మా బీరువా మీద దుమ్ము దులుపుకుంటుంటే దాని మీద కూడా చల్లబోయాడు. "దుమ్మంటే ఏంది అనుకుంటున్నవ్ చెల్లె" అని మొదలుపెట్టాడంటే నా పొయ్యి మీది కూర మాడాల్సిందే.

వదిన ఆయనకు పూర్తిగా భిన్నం. మాటే ఉండేది కాదు. వరసగా కాన్పులు పోయాయి, ఒక బిడ్డయితే పేరు పెట్టాక పోయింది. ఆ తర్వాత ఆమె నోరు మూతపడిపోయిందని కాలనీలో అందరూ చెప్పేవాళ్లు. గోడకు అవతల ఒక మనిషి ఉందని గిన్నెల చప్పుడును బట్టి తెలుసుకోవాలి. ఆయన మాట్లాడుతూనే ఉండేవాడు, ఆమె వింటూ ఉండేది, వింటోందో లేదో కూడా తెలిసేది కాదు. ఆ ఇంటి వైపు చూస్తే నాకు దిగులుగా ఉండేది.

ఒక వానాకాలం పొద్దున గోడ అవతల నుంచి ఆడగొంతు వినిపించింది. "అగో, గా పాలు ఎవరికి పోసిన్నే? తాగవేందే?" అంటోంది. నేను చేతిలో పని వదిలేసి పరిగెత్తాను. వంటింట్లో తడిసి ముద్దయిన పిల్లిపిల్ల ఒకటి, దాని ముందు వదిన. బూడిదరంగు వీపు, తెల్లని కాళ్లు. వదిన దానికి బుజ్జమ్మ అని పేరు పెట్టింది. ఇంటి ముందు కుక్కలు, వెనక అడవి, అందుకని దాన్ని గడప దాటనిచ్చేది కాదు.

సర్దారు షిఫ్టు దిగి వచ్చి పిల్లిని చూశాడు. ముందు పైకి చూసి, తర్వాత దాన్ని చూశాడు. "ఇది బదిలీ" అన్నాడు. గనిలో అసలు కూలీ రాని రోజు వాడి స్థానంలో తీసుకునే మనిషిని బదిలీ అంటారు. పని ఉంటే రమ్మంటారు, లేదంటే పొమ్మంటారు. "ఎలుకలు ఉన్నన్ని దినాలే దీనికి డ్యూటీ. పర్మనెంటు గిట్ల ఏం లేదు" అని ఆయన ప్రకటించాడు. ఆ రోజు నుంచి ఆయనకు అది బదిలీ, వదినకు బుజ్జమ్మ. రెండు పేర్లకూ అది పలికేది కాదు.

పిల్లి పెరిగింది. ఎండలు ముదరకముందే గొడవ మొదలైంది. ఒకరోజు మంచం మీద ఆయన పడుకునే వైపు పరుపు తడిసి ఉంది. మనలాంటి వాళ్లం వాసన చూస్తాం. ఆయన పైకి చూశాడు. నిచ్చెన వేసుకుని కప్పెక్కి మంచానికి పైనున్న పెంకులన్నీ తీసి మళ్లీ పేర్చాడు. కింద నలుగురు చేరారు. "ఎండకాలంల ఏం కురుస్తదన్నా?" అని ఎవరో అడిగారు. "నిరుటి వాన పెంకుల సందుల ఆగి ఉంటది, మెల్లగ దిగుతది. మీకు తెల్వదు, నీటి సంగతి నన్నడుగుండ్రి" అన్నాడు పైనుంచి. మర్నాడు పరుపు మళ్లీ తడిసింది. నిరుటి వాన చాలా ఓపికగా దిగుతోందని మా ఆయన అన్నాడు.

అసలు సంగతి ఆయనకు తెలిసింది ఆయన హెల్మెట్టు వల్ల. మంచం కింద బోర్లా పెట్టాల్సినదాన్ని వెల్లకిలా పెట్టాడు. పొద్దున సైరను మోగగానే హడావిడిగా తీసుకుని, గుమ్మంలోకి వచ్చి నెత్తిన పెట్టుకున్నాడు. ఆ క్షణంలో ఆయన మొహం నేను మా గడపలోంచి చూశాను. ముందు అలవాటు ప్రకారం పైకే చూశాడు. తర్వాత మెల్లగా కిందికి చూశాడు. కింద బుజ్జమ్మ కూర్చుని మూతి నాక్కుంటోంది. నెత్తి కడుక్కుని వెళ్లిపోయాడు. ఆ పూట గనిలోకి దిగేముందు దీపాలు తీసుకునే గదిలో ఆయన పక్కన ఎవరూ నిలబడలేదని మా ఆయన వచ్చి చెప్పాడు.

సాయంత్రం సైకిలు మీద ఖాళీ చెక్కపెట్టె ఒకటి, ఇసుక బస్తా ఒకటి దిగాయి. పిల్లి ఇసుకలోనే కూర్చుంటుందన్నది ఆయనకూ తెలుసు. ఇసుకను జల్లెడ పట్టి, పెట్టెలో పోసి, అరచేత్తో సమంగా చదును చేసి, డబ్బాతో నీళ్లు చల్లాడు. రోజూ షిఫ్టుకు పోయే ముందు చల్లేవాడు, వచ్చాక మళ్లీ చల్లేవాడు. ఇసుక నల్లగా, చల్లగా, గచ్చు మాదిరి గట్టిపడి ఉండేది. పెట్టెను తెచ్చి వంటింట్లో పిల్లి పాలగిన్నె పక్కనే పెట్టాడు. "టిఫినీ, పని ఒక్క కాడనే ఉంటే జల్దీ అయితది" అన్నాడు. నీ అన్నం కంచం తీసుకెళ్లి మరుగుదొడ్డి దగ్గర పెట్టుకో మరి అందామనుకున్నాను. కొత్త కోడల్ని కదా, మింగేశాను.

ట్రైనింగు మొదలైంది. పొద్దున సైరను మోగగానే పిల్లిని మెడ దగ్గర పట్టుకుని తడి ఇసుకలో నిలబెట్టేవాడు. "డ్యూటీ!" అనేవాడు. అది నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి దులుపుకునేది. కొన్నాళ్లకు పిల్లికి ట్రైనింగు బాగానే పట్టింది, సైరను మోగడం ఆలస్యం, బీరువా మీదికి ఎక్కేది. పెట్టె దగ్గరికి మాత్రం రాదు. ఆయన తువ్వాలు మీద, ఎండేసిన బట్టల మీద, వదిన చీరల మూట మీద, ఎక్కడ పొడిగా మెత్తగా ఉంటే అక్కడ కానిచ్చేది.

సంగతి కాలనీలో పాకింది. సలహాలు చెప్పే మనిషికి సలహా చెప్పే అవకాశం దొరికితే ఊరు ఊరుకుంటుందా! పెట్టె చుట్టూ నిమ్మతొక్కలు పెట్టమని ఒకామె చెప్పింది. కర్పూరం వెలిగించమని ఇంకొకామె చెప్పింది. యూనియన్ నాయకుడొచ్చి, ముందు పిల్లి డిమాండ్లేంటో తెలుసుకోవాలన్నాడు. పశువుల డాక్టరు గేదెలను తప్ప దేన్నీ చూసినవాడు కాదు. మేత సరిగా మేస్తోందా అని అడిగి, గేదెకిచ్చే పొడే కొంచెం పొట్లం కట్టి ఇచ్చాడు. సర్దారు అన్నీ చేశాడు, పైగా తన వంతుగా ఇసుకలో ఫినాయిలు కూడా పోశాడు. ఇప్పుడు పిల్లే కాదు, మేమూ ఆ వంటింట్లోకి వెళ్లడం మానేశాం.

అప్పుడు ఏన్కూరు నుంచి ఆయన తల్లి వచ్చింది. వాళ్లది మిరపతోటల వ్యవసాయం. ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు మూటగట్టి తెచ్చింది. వదిన వాటిని వెనక వసారాలో చాప మీద ఆరబోసింది. బుజ్జమ్మకు అంత పొడి జాగా ఆ ఇంట్లో ఎన్నాళ్లకు దొరికిందో! ఎర్రగా నిగనిగలాడే కాయల మధ్య కూర్చుని పని కానిచ్చి, పక్కనున్న కాయలు కప్పి, తుమ్ముకుంటూ వెళ్లింది. ముసలామె గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"ఇగో కొడకా, నేను మృగశిరకు మళ్ల వస్త" అంది. "అప్పటికి గిది ఇంట్ల ఉంటె, నేనే సంచిల గట్టి గోదారి అవుతల ఇడిచి వస్త. పండిన పంట మీద కూసున్నదాన్ని ఇంట్ల ఉంచుకుంటరా ఎవలన్న?"

తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు ఆయన. పైకి చూశాడు. ఈసారి పైన ఏమీ కనిపించలేదనుకుంటాను. వదిన మిరపకాయలు ఏరి పారబోసి, చాప కడిగి, లోపలికి వెళ్లింది. అత్త ముందు ఒక్క మాట అనలేదు. ముసలామె బస్సెక్కి వెళ్లాక కూడా అనలేదు. గోడ అవతల మళ్లీ గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. బుజ్జమ్మను తిట్టే గొంతు కూడా లేదు. నాకు భయమేసింది. పిల్లిని గోదావరి దాటిస్తే ఈమె గొంతు కూడా దాంతోపాటు పోతుంది, ఇక తిరిగి రాదు అనిపించింది.

సర్దారు పట్టుదల అప్పుడు చూడాలి. కొత్త ఇసుక తెచ్చాడు. పెట్టె మార్చాడు. ఒకటికి రెండు పెట్టెలు పెట్టాడు, రెండింటిలోనూ నీళ్లు చల్లాడు. పిల్లి ముందు గొంతుక్కూర్చుని, "ఏందే నీ బాధ? చెప్పరాదు?" అని బతిమాలాడు. అహం అనుకున్నాను నేను. గనిని నింపినవాణ్ని, ఒక పిల్లి చేతిలో ఓడిపోతానా అని పట్టుబట్టాడనుకున్నాను.

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఏన్కూరు నుంచి కబురొచ్చింది. తల్లి కల్లంలో జారిపడింది, కాలు బెణికింది. ఆయన సెలవు పెట్టి బయల్దేరాడు. పోతూ పోతూ వదినకు డబ్బా అప్పగించి, "ఇసుక ఆరనియ్యకు" అని గుమ్మంలో ఒకసారి, గేటు దగ్గర ఒకసారి చెప్పాడు.

ఆయన వెళ్లిన మర్నాడే కాలనీలో నల్లాలు బందయ్యాయి. ట్యాంకరు వచ్చినప్పుడే నీళ్లు. బిందెడు నీళ్ల కోసం ఆడవాళ్లం జుట్లు పట్టుకునే పరిస్థితిలో పిల్లి పెట్టెలో నీళ్లు ఎవరు చల్లుతారు? వదిన చల్లలేదు. ఫినాయిలు కూడా అయిపోయింది. వంటింట్లో బిందెలు పెట్టుకోవడానికి జాగా కావాలని రెండు పెట్టెల్లో ఒకటి ఖాళీ చేసి, ఇంకోదాన్ని వెనక వసారా మూలకు తోసింది. ఆ ఎండలకు ఇసుక తెల్లగా పొడిపొడిగా ఆరింది.

ఒక మధ్యాహ్నం గోడ మీద దబదబా చప్పుడు. వెళ్లి చూస్తే వదిన వసారా గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. మూలన పెట్టెలో బుజ్జమ్మ. ముందు కాళ్లతో ఇసుక తోడింది. గుంట చేసుకుంది. కూర్చుంది. మొహంలో ఎంత గాంభీర్యం! తర్వాత లేచి, వాసన చూసి, శ్రద్ధగా ఇసుక కప్పి, తోక ఎత్తుకుని మా మధ్య నుంచి నడిచి వెళ్లింది. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"నీళ్లు... గా నీళ్లు చల్లవట్టికే రాలే ఇది" అంది. మరుక్షణం పడీపడీ నవ్వడం మొదలుపెట్టింది. ఆమె నవ్వు నేను వినడం అదే మొదలు. గొంతులో ఎక్కడో తుప్పు పట్టినట్టు బరబరా వచ్చి, తర్వాత సాఫీ అయింది. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మృగశిరకు ముందే సర్దారు తల్లిని వెంటబెట్టుకుని దిగాడు, ఇక్కడి దవాఖానాలో కాలు చూపిద్దామని. ముసలామె కుంటుకుంటూ వచ్చి ఇల్లంతా ముక్కుతో తనిఖీ చేసింది. పరుపు వాసన చూసింది, బట్టల మూట వాసన చూసింది. ఏమీ దొరకలేదు. అంతలో బుజ్జమ్మ అందరి ముందూ వసారాలోకి నడిచి పెట్టెలో కూర్చుంది. సర్దారు మొహం వెలిగిపోయింది.

"చూసినవా అమ్మా? ట్రైనింగు!" అన్నాడు. "మనిషైనా పిల్లైనా గంతే. పట్టు ఇడవొద్దు. లోపటికి ఎక్కినంక బయటికి రాదు."

ఆ సాయంత్రం మా ఆయనకూ, ఎదురింటి వాళ్లకూ, పాలు పోసే అతనికీ పిల్లికి క్రమశిక్షణ నేర్పే విధానం వివరించాడు. ఆ రాత్రే నల్లాలు వచ్చాయి. మర్నాడు పొద్దున చూద్దును కదా, ఆయన డబ్బా పట్టుకుని వసారాలో పెట్టె మీద నీళ్లు చల్లుతున్నాడు. అత్త ఇంట్లోనే ఉంది. పిల్లి మళ్లీ మిరపకాయల మీదికి ఎక్కితే సంచి సిద్ధంగా ఉంటుంది.

"చెప్పేద్దాం వదినా, పొడిగా ఉంటేనే వస్తుందని చెప్పేద్దాం" అన్నాను.

వదిన తల అడ్డంగా ఊపింది. "వద్దు చెల్లె. గనిల ఆయన మాట ఎవలన్న ఇంటరో లేదో. ఇంట్ల ఒక పిల్లన్న ఇన్నదని సంబురపడ్డడు. పడనియ్యి" అంది. ఆమె అన్ని మాటలు కలిపి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

అలా మొదలైంది మా పని. ఆయన నీళ్లు చల్లి సైకిలెక్కి గేటు దాటగానే మేమిద్దరం పెట్టెను చెరోవైపు పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్లి, తడి ఇసుకను సొరపాదు మొదట్లో గుమ్మరించేవాళ్లం. మా వసారాలో గోనెపట్టా మీద ఆరబెట్టిన ఇసుక తెచ్చి నింపేవాళ్లం. ముసలామె మంచం మీద కాలు చాపుకుని రెండు రోజులు చూసింది. మూడోరోజు, "మావోడు చిన్నప్పటి సంది గంతే. ఎండబెట్టిన వడ్ల మీద గూడ నీళ్లు చల్లిండు" అని తనే ముందు నవ్వింది. ఇక ముగ్గురం. ఆయన్ను అనుకరిస్తూ వదిన డబ్బా పట్టుకుని "డ్యూటీ!" అనేది. మా నవ్వులు వీధి చివరిదాకా వినపడి ఉంటాయి. సంచి మాట ముసలామె మళ్లీ ఎత్తలేదు.

ఆదివారం వస్తే మాత్రం చిక్కు, ఆయన ఇంట్లోనే ఉండేవాడు. అందుకని, "అన్నా, మా కప్పు ఎక్కడో డొల్లగా మోగుతోంది, చూడవా" అని పిలిచేదాన్ని. కర్ర పట్టుకుని సంతోషంగా వచ్చేవాడు. ఆయన మా వాసాలన్నీ కొట్టి వినేలోపు వదిన అక్కడ ఇసుక మార్చేసేది. పోతూ పోతూ, "మంచిగనే ఉంది చెల్లె, భయం లేదు" అని ధైర్యం చెప్పి వెళ్లేవాడు.

ఆ రోజుల్లోనే ఆయన సైకిలు కూడా పాడైంది. పొద్దున గేటు దాటి గోడ పక్కన దిగి, గొంతుక్కూర్చుని చైను సవరించుకుంటూ కనిపించేవాడు. రోజూ అదే తంతు. కాలనీలో అందరి పంపులూ ఫ్యాన్లూ పిలవకపోయినా వచ్చి బాగుచేసే మనిషి సొంత చైను బిగించుకోలేడని మా ఆయనకు అదొక వేళాకోళం. ఎన్నడూ ఆలస్యం కానివాడు షిఫ్టుకు చివరి నిమిషంలో ఉరకడం మొదలుపెట్టాడట.

ముసలామె కాలు నయమై ఊరెళ్లింది. మా దొంగపని మాత్రం ఆగలేదు. ఏళ్లు గడిచాయి. మా ఆయనకు ఖమ్మం బదిలీ అయింది. వెళ్లేరోజు వదిన నన్ను పట్టుకుని ఏడ్చి, చెవిలో, "ఇగ ఒక్కదాన్నే మొయ్యాలె" అని నవ్వింది. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు కలిశాం. బుజ్జమ్మ ముసలిదై పోయిందనీ, సొరపాదు కిందే పెట్టామనీ చెప్పింది. తర్వాత ఆయన రిటైరయ్యాక ఇద్దరూ ఏన్కూరు వెళ్లిపోయారు.

తొంభైల్లో వదిన జ్వరంతో పోయిందని తెలిసింది. కొంచెం ఆలస్యంగా తెలిసింది. ఖమ్మంలో బస్సెక్కి ఏన్కూరు వెళ్లాను. ఇంటి ముందు కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు తెల్లబడింది, మాట సన్నబడింది. నన్ను చూసి లేచి, లోపలికి పిలిచి, అలవాటుగా పైకి చూసి, "కూసో చెల్లె" అన్నాడు. ఆ ఇంట్లో ఇప్పుడు గిన్నెల చప్పుడు కూడా లేదు.

ఏదో ఒకటి చెప్పి ఆయన్ను నవ్విద్దామనిపించింది. వదిన కూడా లేదు, ఇంకా దాచడం దేనికని, "అన్నా, ఒక ముచ్చట చెప్తాను, కోప్పడొద్దు" అన్నాను.

"ఇసుక ముచ్చటనా?" అన్నాడు.

"నీకెలా తెలుసన్నా?" అన్నాను.

"ఎత్తుగ ఇసుక గుట్ట పెరుగుతుంటె సొరపాదు కాడ, చూడనా? పొద్దుగాల తడిపి పోయిన ఇసుక మాపటికి సున్నం తీర్గ తెల్లగుంటె తెల్వదా?" అన్నాడు. "ఏన్కూరు నుంచి వచ్చిన్నాడే చూసిన. ఇసుక ఆరి ఉన్నది, పిల్లి అండ్ల ఉన్నది. తప్పు నాదేనని తెల్సింది. మళ్ల, ఆదివారం ఆదివారం మీ కప్పు చూడమని పిలుస్తుంటివి. మీ కప్పు, మా కప్పు ఒక్కటే గదా చెల్లె. డొల్లగ మోగితె నాకు తెల్వకుంటనా?"

"మరి తెలిసీ ఎందుకన్నా నీళ్లు చల్లావు? అన్నేళ్లు?"

ఆయన చేతివేళ్లతో పక్కనున్న ద్వారబంధాన్ని మెల్లగా కొట్టాడు.

"మర్నాడు పొద్దుగాల డబ్బా పట్టిన, అలవాటు తోని. చల్లినంక యాదికొచ్చి, అరె, మళ్ల తప్పు చేస్తినే అనుకున్న. గేటు దాటినంక తిరిగి పోదామని దిగిన. లోపట్నించి మీ వదినె నవ్వుడు వినపడ్డది. పిల్లలు పోయినంక నేను ఎన్ని తీర్ల చెప్పినా, ఎన్ని తీర్ల చేసినా నవ్వలే ఆమె. నన్ను చూసి నవ్వుతున్నది, నవ్వనియ్యి అనుకున్న. నేను నీళ్లు చల్లుడు బంద్ చేస్తె మీకు మార్చే పని ఏముంటది? ఆమెకు నవ్వేటిది ఏముంటది?" అన్నాడు. కొంచెం ఆగి, "సైకిలు చైనుకు ఏం కాలే చెల్లె, ఒక్కనాడు గూడ. ఆడ కూసుంటె ఇంట్ల మాటలు మంచిగ వినొస్తుండె" అన్నాడు.

ఆయన్ను ఎంత వెర్రివాడు అనుకుని నవ్వామో, ఆ నవ్వంతా ఆయన గోడ పక్కన కూర్చుని ఏరుకున్నాడు. వదినకు ఈ సంగతి తెలిసి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. తెలిసే ఉంటుందేమో అని కూడా అనిపించింది. అడగడానికి ఆమె లేదు.

బస్సు వేళయింది. నన్ను రోడ్డు దాకా దింపుతానని ఆయన సైకిలు తీసుకుని నడిపించుకుంటూ పక్కనే వచ్చాడు. గేటు దాటగానే ఆగాడు. సైకిలుకు స్టాండు వేసి, గొంతుక్కూర్చుని, చైను మీద వేళ్లు పెట్టాడు. తల కొంచెం ఇంటి వైపు తిప్పి అలాగే ఉండిపోయాడు. ఇంట్లోంచి ఏ చప్పుడూ రాలేదు.

"చైను ఊడిందా అన్నా?" అన్నాను.

"లేదు చెల్లె" అన్నాడు లేస్తూ. "ఉత్తగనే."